లావెక్కిన గొట్టం

2వ తారీఖు

మా ఆవిడ ఈ పుస్తకం నా ముందు పడేసి, “మీ వాగుడు వినే ఓపిక నాకు లేదు, దీనికి చెప్పుకోండి. ఇదైతే మధ్యలో లేచి వెళ్లిపోదు” అంది. మీటర్లు అమ్మే కంపెనీవాడు ఊరికే ఇచ్చిన డైరీ ఇది. పోయినేడాదిది. వారాలు కలవవు. ఊరికే వచ్చినదానికి వారం కూడానా.

షట్‌డౌన్ మొదలై అయిదు రోజులయింది. రియాక్టరు ఆపారు, ఆవిరి ఆపారు, మమ్మల్ని మాత్రం ఆపలేదు. మా పనంతా ఇటువైపు టర్బైను హాల్లో. ఇటు రేడియేషన్ ఉండదు. ఉండేది వేడినీళ్లు, ఆవిరి, మా పైఅధికారి పెద్దాయన నోరు. అయినా మా వీధివాళ్లు నేను ముట్టుకున్న కుర్చీలో కూర్చోరు. ఒకందుకు మంచిదే, బస్సులో చోటు దొరుకుతుంది.

నేను చేసేది గొట్టం మీద రేకు విప్పడం, కింద వేడి పోకుండా చుట్టిన ఊలు పీకడం, తీగ బ్రష్షుతో గీకడం, తెల్ల మార్కరుతో గడులు గీసి నంబర్లు వేయడం. ఆ గడుల్లో నా బావమరిది మీటరు పెట్టి గోడ మందం ఎంతుందో చెప్తాడు. నీళ్లు ఇనుమును లోపలినుంచి తింటాయి. పైకి ఏమీ కనబడదు, మా అత్తగారి కోపంలాగా. వంపుల దగ్గర మరీ తింటాయి. అందుకని రెండేళ్లకోసారి వంపులన్నీ కొలిచి, పాత లెక్క పక్కన కొత్త లెక్క వేసి, పల్చబడినదాన్ని కోసేసి కొత్తది వేస్తారు. పదో తరగతి తప్పినవాడికి ఇంతకన్నా తెలియనక్కర్లేదు.

ఇవాళ పెద్దాయన గది తలుపు పిడికి జెల్ రాశాను. మీటరు తీగ చివరుండే ప్రోబుకీ గొట్టానికీ మధ్య గాలి చొరకుండా పూసే జెల్, ముట్టుకుంటే చీమిడిలాగుంటుంది. ఆయన ఆ చేత్తోనే పైనుంచి వచ్చిన ఆఫీసరుకి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ఇద్దరూ చేతులు వెనక్కి పెట్టుకుని పది నిమిషాలు మాట్లాడుకున్నారు. ఎవరిది ఎవరికి అంటిందో ఇద్దరికీ తెలియదు. ఇరవై ఏళ్ల సర్వీసులో ఇంత అందమైన దృశ్యం చూడలేదు.

4వ తారీఖు

మిల్లీమీటరుగాణ్ణి ఏడిపించి చాలా రోజులయింది. మిల్లీమీటరు అంటే బావమరిదే. ఆ పేరు నేనే పెట్టాను. మందం కొలుస్తాడని కాదు, గ్లాసులో టీ తక్కువ పోస్తే ఒంగి, కన్ను మూసి, అంచుతో సమానంగా చూస్తాడు. మా ఇంటి మొత్తానికి చదువుకున్న సర్టిఫికెట్ వాడిదొక్కటే. దానికి అద్దం కట్టించి గోడకి పెట్టారు.

ఇవాళ డ్రెయిన్ లైను మీద జంట వంపులు. ఎడమదొకటి, కుడిదొకటి. పొద్దున వాడు చెయ్యి కడుక్కోవడానికి వెళ్లినప్పుడు, వాడి పెట్టెలోంచి చిన్న ప్రోబు తీసి నా బ్రష్షుల పెట్టెలో అడుగున పెట్టాను. వాడు వెతుకుతాడు, చెమటలు పడతాయి, “బావా, చూశావా?” అంటాడు, “నీ చెవిలో పెట్టుకున్నావేమో చూడరా” అంటాను. పది నిమిషాల సినిమా. అంతే అనుకున్నాను.

ఎడమదానికి కూడా గడులు గీసి వచ్చేసరికి బ్రష్షుల పెట్టె లేదు. పంపు హౌసువాళ్లు అడిగితే మా మనిషి ఇచ్చి పంపేశాడట. పరుగెత్తాను. వాళ్లు భోజనానికి వెళ్లారు, పంపు హౌసుకి తాళం పడింది.

మధ్యాహ్నం వచ్చి చూస్తే వాడు కుడి వంపు కూడా కొలిచేసి ఫారం నింపుతున్నాడు.

“ఏరా, అయిపోయిందా?”

“అయిపోయింది బావా.”

“ఏం ఇబ్బంది లేదుగా?”

“ఏముంటుంది?”

ముఖం చూశాను. మామూలుగానే ఉన్నాడు. అసలు వెతికినట్టే లేడు. ఇంత చప్పటి జోకు నా జీవితంలో వేయలేదు.

5వ తారీఖు

బ్రష్షుల పెట్టె వచ్చింది. చిన్న ప్రోబు దాన్లోనే ఉంది. తుడిచి వాడి పెట్టెలో ఎప్పుడూ ఉండేచోటే పెట్టేశాను. ఎవరూ చూడలేదు. కథ కంచికి.

7వ తారీఖు

లెక్కల మేడం తానే స్వయంగా టర్బైను హాలుకి దిగివచ్చింది. గొట్టాల లెక్కలన్నీ ఆవిడ దగ్గరే ఉంటాయి. ఏ వంపు ఎన్నాళ్లు బతుకుతుందో ఆవిడ చెప్తుంది. మనిషి బక్కగా ఉంటుంది, మాట మాత్రం బరువు. చేతిలో కాగితం.

“కుడి వంపు, పంతొమ్మిదో గడి. రెండేళ్ల కిందట నాలుగు పాయింటు ఒకటి. ఇప్పుడు అయిదు పాయింటు రెండు. ఇరవయ్యో గడి నాలుగు నుంచి నాలుగు పాయింటు ఎనిమిది. పక్కనున్నవన్నీ అరిగాయి. ఇవి రెండూ లావెక్కాయి. ఎలా?”

మావాడు చెప్పేలోపు నేనున్నానుగా.

“మీరు మంచినీళ్లు మంచివి పెడుతున్నారు మేడం, వంటపట్టింది” అన్నాను.

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. వాణ్ణే చూసి, “ఏ ప్రోబుతో తీశావు?” అంది.

“చిన్నదే మేడం. ఫారంలో నంబరు వేశానుగా.”

“పెద్దదైతే అనుమానించేదాన్ని. చిన్నది కాబట్టే అర్థం కావట్లేదు” అని వెళ్లిపోయింది.

ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నారట. ఇక్కడ ఎద్దు ఈనింది, దూడ ఎక్కడా అని వెతుకుతున్నారు.

చిన్న ప్రోబు అన్నాడు. అంటే వాడి దగ్గర ఇంకొకటి ఉందేమో. ఉండే ఉంటుంది. వాళ్లకి అన్నీ రెండేసి ఇస్తారు.

8వ తారీఖు

పెద్దాయన తేల్చేశాడు. పదో తారీఖున బయటినుంచి ఇంకో మీటరు మనిషి వస్తాడు. కుడి వంపు అందరి ముందూ మళ్లీ కొలుస్తాడు. మావాడి లెక్క తప్పని తేలితే సర్టిఫికెట్ వెనక్కి తీసుకుంటారు.

సాయంత్రం వాడు మా ఇంటికి వచ్చాడు. మా ఆవిడ పెట్టిన కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు.

“నీ లెక్క సరైనదే అయితే నీకెందుకురా భయం? వాడొచ్చి కొలిచినా అంతే వస్తుంది” అన్నాను.

“అంతే వస్తుంది” అన్నాడు. తల మాత్రం ఎత్తలేదు.

వాడు వెళ్లాక మా ఆవిడ నన్ను పట్టుకుంది. “మీకేమైనా తెలుసా?”

“నాకేం తెలుసు?”

“ఏదైనా జరిగిందంటే మీ చెయ్యి లేకుండా ఉండదు. పెళ్లిలో నా చెప్పులు చెట్టెక్కించింది ఎవరు?”

“ఆ సంగతి వేరు.”

“వాడి ఉద్యోగం పోతే ఇంట్లో ముగ్గురు. మీ నవ్వులాటలు వాళ్లకి పెడతారా అన్నం బదులు?”

నోట్లో నువ్వుగింజ నానని వాణ్ణి, లేచి వెళ్లి చెయ్యి కడుక్కున్నాను.

9వ తారీఖు

గుర్తొచ్చింది!

రెండేళ్ల కిందటి షట్‌డౌన్. ఇవే జంట వంపులు. గడులు పైనుంచి మొదలుపెట్టి గడియారం తిరిగినట్టు గీయాలని రూలు. వాణ్ణి ఏడిపిద్దామని ఒకదానికి కిందనుంచి మొదలుపెట్టాను. ఒకటి ఉండాల్సినచోట పదకొండు. వాడు కొలిచాక చెప్పి నవ్వుదామనుకున్నాను. ఇంతలో మా అత్తగారికి ఒంట్లో బాగాలేదని కబురొచ్చి వాడు ఆస్పత్రికి పరుగెత్తాడు. నేనూ పరుగెత్తాను. తర్వాత చెప్పలేదు.

అంటే పాత లెక్కే తలకిందులు! పై గడి లెక్క కింద, కింద గడి లెక్క పైన. అందుకే ఇప్పుడు కొన్ని లావెక్కినట్టు కనిపిస్తున్నాయి. గొట్టం లావెక్కలేదు, నేను తిప్పాను.

ఒక్కటే తేలడం లేదు. అది కుడిదా, ఎడమదా? కుడిదే అనుకుంటాను. కుడిదగ్గరే పరంజా ఊగేది.

కబురు రాకముందే తుడిచి మళ్లీ సరిగ్గా గీశానా? గుడ్డ కోసం వెతికినట్టు గుర్తు. దొరికిందో లేదో గుర్తులేదు.

కుడిదే. తుడవలేదు.

10వ తారీఖు

చెప్పేశాను.

బయటి మీటరు మనిషి పెట్టె తెరవబోతుంటే అందరి ముందూ చెప్పాను. పెద్దాయన ముఖం ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది, చివరికి నవ్వు పుట్టింది. ఎందుకంటే షట్‌డౌన్ ఎనిమిది రోజుల్లో ముగించాలి. కొలతలూ, కోతలూ, కొత్త వంపులూ అంటే ఇంకో వారం. ఇక్కడ కారణం తనంత తానే నడిచొచ్చి కాళ్లమీద పడింది.

“రెండేళ్లు మా అందరినీ పిచ్చివాళ్లని చేశావన్నమాట” అన్నాడు.

“చిత్తం” అన్నాను.

మేడం అక్కడే కూర్చుని పాత లెక్కని సగం చుట్టు తిప్పి చూసింది. “మూడు గడులు తప్ప మిగిలినవి దాదాపు సరిపోతున్నాయి. కానీ...”

“కానీ ఏముందమ్మా, కారణం దొరికాక?” అన్నాడు పెద్దాయన. బయటి మనిషిని టీ ఇచ్చి పంపేశారు. మళ్లీ కొలవడం రద్దయింది. నేను విప్పిన రేకు సాయంత్రానికి మళ్లీ బిగించేశారు.

మావాడు బతికిపోయాడు. నాకు మాత్రం గడులు గీసే పని పీకేశారు. రేపటినుంచి టూల్‌రూములో పనిముట్లు ఇచ్చి పుచ్చుకోవడం.

మూడు గడులు ఓ లెక్కా.

11వ తారీఖు

మా ఆవిడ ఇవాళ నాకు రెండోసారి వడ్డించింది. పెళ్లయ్యాక మొదటిసారి.

12వ తారీఖు

మిల్లీమీటరుగాడు నాతో మాట్లాడటం లేదు. కాపాడినవాడికి దక్కేది ఇదా? టూల్‌రూము కిటికీ దగ్గరకొచ్చి, మీటరు పెట్టె లోపలికి తోసి, రిజిస్టరులో సంతకం పెట్టి వెళ్లబోయాడు.

“ఒరే, నీకోసం నేను పరువు పోగొట్టుకున్నాను” అన్నాను.

“నీకు పరువెక్కడిది బావా, పోవడానికి?” అన్నాడు. మాట బాగుంది, నేను నేర్పిందే. కానీ నవ్వుతూ అనలేదు. వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి. సంతోషంగా ఉండాల్సినవాడు అలా ఎందుకున్నాడో అర్థం కాలేదు.

పెట్టె తెరిచి చూశాను. పెద్ద ప్రోబు ఒకటి, చిన్న ప్రోబు ఒకటి. రిజిస్టరు తిప్పి చూశాను. వాడికి ఇచ్చిందీ అంతే. రెండో చిన్న ప్రోబు ఎప్పుడూ లేదు.

ఎక్కడైనా అప్పు తెచ్చుకుని ఉంటాడు.

13వ తారీఖు

టూల్‌రూములో ఈగలు కూడా రావు. ఏం తోచక మీటరుతో ఆడుకున్నాను. మెట్లు మెట్లుగా కోసిన ఇనప దిమ్మ ఒకటుంటుంది, మీటరు సరిగ్గా చెప్తోందో లేదో దానిమీద చూసుకుంటారు. పెద్ద ప్రోబు పెట్టాను. పది అంటే పది. అయిదు అంటే అయిదు. బాగానే ఉంది.

గోడకి వేలాడుతున్న పాత వాల్వు నంబరు బిళ్ల తీశాను. రెండు మిల్లీమీటర్ల రేకు అని దానిమీదే కొట్టి ఉంది. జెల్ రాసి పెట్టాను.

నాలుగు.

మళ్లీ పెట్టాను. నాలుగు. తిప్పి పెట్టాను. నాలుగు. “ఓసి నీ దుంపతెగ, నాకన్నా అబద్ధాలకోరువే” అని పొట్ట పట్టుకు నవ్వాను.

చిన్న ప్రోబు పెట్టాను. రెండు.

పెట్టె మూతలో అంటించిన కాగితం ఉంటుంది, ఎవరూ చదవరు. కూడబలుక్కుని చదివాను. పెద్ద ప్రోబుకి మూడు మిల్లీమీటర్ల కింద చూపు లేదట. అంతకన్నా పల్చనిదైతే, అది లోపలికి పంపిన చప్పుడు అవతలి అంచుకి తగిలి మొదటిసారి తిరిగొచ్చినప్పుడు దానికి అందదట. రెండోసారి తగిలినదాన్ని పట్టుకుని, ఉన్నదానికి రెట్టింపు చెప్తుందట.

నవ్వు ఆగింది.

అయిదు పాయింటు రెండులో సగం రెండు పాయింటు ఆరు. నాలుగు పాయింటు ఎనిమిదిలో సగం రెండు పాయింటు నాలుగు. మూడు పాయింటు రెండు కంటే తగ్గితే ఆ వంపు ఉంచకూడదని గోడమీదే రాసి ఉంటుంది.

లావెక్కినట్టు కనబడింది పల్చబడ్డందుకా?

కాదు. అది చిన్న ప్రోబుతో తీసిన లెక్క. ఫారంలో నంబరు ఉంది. మేడం కూడా అడిగింది. చిన్నదే అన్నాడు.

14వ తారీఖు

చిన్నదే అన్నాడు కదా.

నాలుగో తారీఖు పొద్దున తొమ్మిదిన్నర నుంచి మర్నాటిదాకా వాడికున్న ఒకే ఒక్క చిన్న ప్రోబు ఎక్కడుందో ఈ భూమ్మీద నాకొక్కడికే తెలుసు.

తేదీ తప్పు రాసుకున్నానేమో. పాత డైరీ, వారాలు కలవవు.

వెనక్కి తిప్పి చూశాను. నాలుగే.

15వ తారీఖు

పొద్దున వాణ్ణి సైకిళ్ల షెడ్డు దగ్గర పట్టుకున్నాను.

“ఒరే, నాలుగో తారీఖున పెద్ద ప్రోబుతో కొలిచావు కదూ?”

ముఖంలో రక్తం లేదు. “ఎవరు చెప్పారు?”

“చిన్నది నేనే దాచాను.”

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. సైకిలుకి మళ్లీ స్టాండు వేశాడు.

“పోగొట్టుకున్నానని చెబితే నెల జీతం కోస్తారు బావా. ఆ లైనుకి చిన్నదే వాడాలని రూలు. మూడున్నరో, మూడు పాయింటు ఏడో ఉంటుందనుకున్నాను, పెద్దదైనా చాలనుకున్నాను. నంబరు మాత్రం చిన్నదానిది వేశాను. మర్నాడు చూస్తే పెట్టెలోనే ఉంది. నాకు మతిపోయిందనుకున్నాను. మా అమ్మలాగా నాకూ మతిమరుపు వస్తోందేమోనని ఈ పది రోజులూ...”

నేను నేల చూశాను.

“పద, మేడంకి చెబుదాం.”

“ఏమని? దొంగ నంబరు వేశానని? అది పొరపాటు కాదు బావా, అబద్ధం. పొరపాటుకైతే పరీక్ష పెడతారు. అబద్ధానికి కాగితం చింపేస్తారు.”

“అది సగం తినేసిన గొట్టంరా. ఆవిరి ఎక్కించాక లీకులు చూడ్డానికి దానికింద తిరిగేదెవరు?”

“నేనే” అన్నాడు.

“మరి?”

“పగలదేమో” అన్నాడు. వాడు! గ్లాసులో గీతకి కన్ను మూసి చూసేవాడు!

16వ తారీఖు

ఒక్కణ్ణే మేడం దగ్గరకి వెళ్లాను. వాల్వు బిళ్ల, రెండు ప్రోబులు పట్టుకెళ్లి బల్లమీద చూపించాను. నాలుగు, రెండు. ఆవిడకి ఇదేం కొత్త కాదు.

“ఇది నాకు తెలుసు. అందుకే ఆ రోజే అడిగాను ఏ ప్రోబు అని.”

“ఆ రోజు చిన్నది వాడి దగ్గర లేదు మేడం. నేను దాచాను.”

“పదో తారీఖున గడులు తిప్పానన్నావు.”

“అన్నాను.”

“తిప్పావా?”

“తిప్పాననే... కుడిదో ఎడమదో... తుడిచానేమో కూడా.”

“మొన్న ఒకటి ఒప్పుకున్నావు. ఇవాళ ఇంకొకటి. రేపు?”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నవాణ్ణి నేను. ఇప్పుడు ఆ గుమ్మడికాయ కాదండీ, ఇదీ అంటే ఎవరు నమ్ముతారు? ఆవిడ మావాణ్ణి ఫోనులో పిలిచి అడిగింది. “చిన్నదే మేడం” అన్నాడు. గొంతు ఇక్కడిదాకా వినబడింది.

అయినా మేడం కాగితం తీసుకుని పెద్దాయన దగ్గరకి వెళ్లింది. నన్ను బయట నిలబెట్టారు. తలుపు సందులోంచి ఆయన మాట వినబడింది. “వాడు నా చేతికి జెల్ పూసినవాడమ్మా! వాడి మాటమీద రేకులు విప్పి, పరంజా కట్టి, రెండు రోజులు ఆపమంటావా? ఎల్లుండి పొద్దున నీళ్లు నింపుతున్నాం.”

జెల్ సంగతి ఆయనకి తెలుసన్నమాట.

ఇంటికొచ్చాక మా ఆవిడ అడిగింది, తమ్ముడు ఫోను ఎత్తడం లేదెందుకని. తెలియదన్నాను.

17వ తారీఖు

నాకు ఇంగ్లీషు రాదు, లెక్కలు రావు. రేకు విప్పడం వచ్చు.

మధ్యాహ్నం భోజనాల బెల్లు కొట్టాక కత్తెర, స్క్రూడ్రైవరు తీసుకుని నిచ్చెన వేసుకుని కుడి వంపు ఎక్కాను. పర్మిట్ కాగితం లేకుండా గొట్టం మీద చెయ్యి వేస్తే గేటు బయటికే. తెలుసు. కానీ రేకు లేని వంపు కనిపిస్తే నీళ్లు నింపే కాగితం మీద ఎవడూ సంతకం పెట్టడు. మళ్లీ బిగించాలంటే ముందు ఒకడు వచ్చి చూడాలి. చూడాలి, అంతే నాకు కావాల్సింది.

స్క్రూలు పీకాను, రేకు కింద పడేశాను. హాలంతా మోగింది. ఊలు పీకాను. నా గడులు అలాగే ఉన్నాయి, పంతొమ్మిది, ఇరవై, ముత్యాల్లాంటి అంకెలు. చదువు రాకపోయినా నా అంకెలు బాగుంటాయి.

కింద జనం పోగయ్యారు. “దిగు!”, “వీడికి పిచ్చి ముదిరింది!”, “ఈసారి ఎవరిమీద వేస్తున్నాడు జోకు?” మధ్యలోంచి మిల్లీమీటరుగాడు వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు.

“ఏం చేస్తున్నావు బావా?”

“నా పని.”

“పర్మిట్ ఉందా?”

“నీ ఫారంలో నిజం ఉన్నంత ఉంది.”

మెల్లిగా అన్నాను, వాడికే వినబడేలా. వాడు నిచ్చెన వదిలి వెళ్లిపోయాడు. అయిపోయిందనుకున్నాను. పెద్దాయన సెక్యూరిటీవాణ్ణి పిలుస్తున్నాడు. సెక్యూరిటీవాడికి నిచ్చెనలంటే భయం, ఇంకొకణ్ణి పిలుస్తున్నాడు.

కాసేపటికి నిచ్చెన ఊగింది. వాడే. మెడలో మీటరు, జేబులో చిన్న ప్రోబు.

“జరుగు” అన్నాడు.

జరిగాను. ఇద్దరికీ చాలే చోటు కాదది. వాడి చెమట నా చొక్కాకి అంటింది. జెల్ రాశాడు, పదిహేడో గడి నుంచి మొదలుపెట్టాడు.

“మూడు పాయింటు ఏడు.”

కిందనుంచి మేడం గొంతు. “గట్టిగా చదువు. ఏ ప్రోబు?”

“చిన్నది మేడం. ఈసారి చిన్నది.” అందరికీ వినబడింది ఆ ‘ఈసారి’. “పద్దెనిమిది, మూడు పాయింటు నాలుగు. పంతొమ్మిది...”

వాడి చెయ్యి ఆగింది. ఎత్తి, మళ్లీ జెల్ రాసి, మళ్లీ పెట్టాడు.

“రెండు పాయింటు ఆరు.”

కింద మేడం రాసుకుంది.

“ఇరవై. రెండు పాయింటు నాలుగు.”

పెద్దాయన సెక్యూరిటీవాడితో, “నువ్వు వెళ్లవయ్యా” అన్నాడు.

నిజం తేలితే కడుపు తేలికవుతుందంటారు. కాలేదు. పక్కనే ఇరవై అంగుళాల దూరంలో వాడి ముఖం ఉంది. నేను కాపాడింది వాణ్ణా, ముంచింది వాణ్ణా? రెండూ ఒకేసారి ఎలా అవుతాయో నాకు తెలియడం లేదు.

18వ తారీఖు

వంపు కోశారు. గేటు దగ్గర నా పాసు ఆపారు గానీ, మేడం కబురు పంపి లోపలికి పిలిపించింది. సగానికి చీల్చిన ముక్క బల్లమీద ఉంది. బయటినుంచి చూస్తే మంచి గొట్టం. లోపల, తడిపిండిని బొటనవేలితో నొక్కుకుంటూ పోయినట్టు గుంటలు గుంటలు. పంతొమ్మిదో గడి వెనక వెలుతురు పెడితే అవతల కనబడుతుందేమో అన్నంత పల్చగా ఉంది.

“వేలు పెట్టి చూడు” అంది మేడం.

పెట్టలేదు.

ఎడమ వంపు కూడా విప్పి కొలిచారు. అది బాగానే ఉంది. షట్‌డౌన్ అయిదు రోజులు పొడిగించారు.

19వ తారీఖు

మా ఆవిడకి అంతా చెప్పాను. మొదట నమ్మలేదు. నమ్మాక లేచి వెళ్లి తమ్ముడి ఇంట్లో కూర్చుంది. సాయంత్రం వచ్చింది. కంచం పెట్టింది. ఒక్కసారే వడ్డించింది.

20వ తారీఖు

విచారణ. మేడం గదిలో మావాణ్ణీ నన్నూ ఎదురెదురుగా కూర్చోబెట్టి, చెరో కాగితం ఇచ్చి, జరిగింది రాయమన్నారు. మాట్లాడుకోకూడదు. నేను అరగంట కుస్తీపట్టి రాసిచ్చాను. వాడూ ఇచ్చాడు.

మేడం రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివింది. కళ్లజోడు తీసింది. మళ్లీ పెట్టుకుంది.

“ఇతనేమో చిన్న ప్రోబు తానే ఎక్కడో పారేసుకున్నానని, నీకు సంబంధం లేదని రాశాడు. నువ్వేమో దొంగ నంబరు నువ్వే దగ్గరుండి వేయించావని, ఇతను అమాయకుడని రాశావు.”

నేను వాడివైపు చూశాను. వాడు నావైపు చూశాడు. నిచ్చెన దిగాక మొదటిసారి.

“నువ్వెందుకురా అలా రాశావు?”

“నువ్వెందుకు రాశావు?”

“నా ఉద్యోగం ఎలాగూ పోయిందిరా, సన్నాసీ!”

“అక్క ఏడుస్తోంది బావా.”

“ఇద్దరూ ఆపండి” అంది మేడం. కోపంగా అందనుకుని తల వంచాను. తర్వాత చూస్తే కోపం కాదు. అలసిపోయి ఉంది. “పదిహేను రోజులుగా ఈ వంపు గురించి నాకు ఒక్క నిజమైన అంకె ఇవ్వలేదు మీరు. గొట్టం నయం. కోస్తే చూపించింది.”

రెండు కాగితాలూ చింపింది. రెండు కొత్తవి ఇచ్చింది.

“ఉన్నదున్నట్టు రాస్తే ఇతను ఆరు నెలలు మీటరు ముట్టుకోడు, తర్వాత పరీక్ష రాసుకుంటాడు. మళ్లీ ఇలాంటిదే రాస్తే ఇక ఎప్పటికీ ముట్టుకోడు. నీ పాసు ఎలా రాసినా రాదు. కాబట్టి నీకు అబద్ధం చెప్పాల్సిన పని కూడా లేదు.”

మావాడు ముందు ముగించాడు. రెండు ముక్కలు. పెద్ద ప్రోబుతో కొలిచి చిన్న ప్రోబు నంబరు వేశాను, భయపడి వేశాను అని. నా పెన్ను కదల్లేదు. నా జీవితంలో నవ్వు కలపకుండా ఒక్క వాక్యం చెప్పిన గుర్తు లేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. మేడం తొందరపెట్టలేదు. మావాడు కూడా లేచి వెళ్లలేదు. వెళ్లొచ్చు కదా, వాడి పని అయిపోయింది.

చివరికి రాసింది ఇదీ, మాట మార్చకుండా ఇక్కడ ఎత్తి రాసుకుంటున్నాను:

నాలుగో తారీఖు పొద్దున తొమ్మిదిన్నరకి చిన్న ప్రోబు తీసి బ్రష్షుల పెట్టెలో దాచింది నేను. నవ్వొస్తుందని దాచాను. రెండేళ్ల కిందట గడులు తిప్పానో లేదో నాకు తెలియదు. తిప్పానని చెప్పినప్పుడూ తెలియదు.